ఖగోళజ్ఞుడు వైను బప్పు

వేసవి కాలమున అమావాస్య నాటి రాత్రి, దీపముల వెలుగు సోకని పల్లెలో ఆరుబయట మంచము వేసికొని పండుకొన్నవారికి ఆకాశమున ఒక తెల్లని బాట కనబడును. దక్షిణమున వృశ్చికపు కొండి దగ్గర అది మిక్కిలి వెడల్పుగా నుండి, ఈశాన్య దిశగా సాగిపోవును. మన పెద్దలు దానికి పాలపుంత అని పేరు పెట్టిరి. పుంత యనగా బండ్లు నడచు దారి. దానినే ఆకాశగంగ యనియు పిలుతురు. తిరుమల కొండమీద ఆ పేరు గల తీర్థము కలదని మీరెరుగుదురు.

ఆ బాట ఎన్నడును కదలనట్లే తోచును. మన తాతలు చూచిన చుక్కలే మనమును చూచుచున్నాము. కాని నిజమునకు వానిలో ఒక్కటియైనను నిలిచి లేదు. మన సూర్యుడును ఆ గుంపులోని ఒక నక్షత్రమే. అతడు క్షణమునకు 220 కిలోమీటర్లకు పైగా వేగముతో పాలపుంత కేంద్రమును చుట్టి వచ్చుచున్నాడు. ఒక్క ప్రదక్షిణము ముగియుటకు 20 కోట్ల సంవత్సరములకు పైగా పట్టును. ఈ ప్రయాణమున సూర్యునికి ఇరుగుపొరుగు నక్షత్రములు ఎట్లు నడచుచున్నవి? వాని నడకను మార్చుచున్నది ఏది? ఇట్టి ప్రశ్నలకు ఉత్తరము కావలెనన్నచో చుక్కల దూరమును, వేగమును కొలువవలెను. అట్టి కొలతలకు ఒక నూతన సాధనమును లోకమున కొసగి, మన దేశమున గొప్ప వేధశాలలను నిలిపిన మహనీయుడు వైను బప్పు.

మనాలి కల్లట్ వైను బప్పు 1927వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన మద్రాసు నగరమున జన్మించెను. వారి కుటుంబము కేరళ దేశమునుండి వచ్చినది. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేయుచుండుటచే బాలుడు ఆ నగరముననే పెరిగెను. ఆయన పుట్టిన సంవత్సరముననే నెదర్లాండ్సు దేశమున యాన్ ఊర్ట్ అను యువ శాస్త్రజ్ఞుడు, సూర్యుని సమీపమున నున్న నక్షత్రముల గమనములను పరిశీలించి, పాలపుంత యంతయు తిరుగుచున్నదని నిరూపించెను. కేంద్రమునకు దగ్గరనున్న చుక్కలు తమ చుట్టును త్వరగా ముగించుననియు, దూరమున నున్నవి వెనుకబడుననియు తేలినది. స్వీడన్ దేశస్థుడైన బెర్టిల్ లిండ్‌బ్లాడ్ అంతకుముందే ఈ విషయమును గణితముచే ఊహించియుండెను.

నిజామియా వేధశాలను 1901లో నవాబు జఫర్ జంగు స్థాపించెను. తరువాత అది బేగంపేటలో నెలకొన్నది. ఆ కాలమున ప్రపంచమందలి సుమారు ఇరువది వేధశాలలు ఆకాశమును పంచుకొని, నక్షత్రములను ఛాయాచిత్రములు తీయుచు, ఒక్కొక్క చుక్క స్థానమును కొలిచి పట్టికలు వ్రాయుచుండెను. ఖగోళ మధ్యరేఖకు దక్షిణమున 17 డిగ్రీల నుండి 23 డిగ్రీల వరకు గల భాగము హైదరాబాదు వంతునకు వచ్చెను. అచ్చటి పనివారు గాజు ఫలకములమీద పడిన చిన్న చిన్న నల్లని చుక్కలను ఏండ్ల తరబడి కొలిచి, ఏడు లక్షలకు పైగా స్థానములను నమోదు చేసిరి. ఆ పని చూచుటకు ఇంపైనది కాదు. దాని ఫలము వెంటనే కనబడునదియు కాదు. ఈ మాటను గుర్తుంచుకొనుడు. కథ చివర మరల దీనికి రావలసియున్నది.

ఇట్టి పరిసరములలో పెరిగిన బాలునకు ఆకాశమే పాఠ్యపుస్తకమయ్యెను. నిజాం కళాశాలలో చదువుచున్న దినములలోనే ఆయన కాంతి హెచ్చుతగ్గులగు నక్షత్రములను పరిశీలించి వ్యాసములు ప్రకటించెను. భౌతికశాస్త్రమున ఎం.ఎస్సీ. పట్టమును పొందిన పిమ్మట, హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థి వేతనముతో 1949లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను.

అచ్చట చేరిన కొలది మాసములకే ఆయన పేరు ఖగోళ చరిత్రకెక్కెను. 1949 జూలై 2వ తేదీ రాత్రి తాను తీసిన ఛాయాచిత్ర ఫలకమును పరిశీలించుచుండగా, అందు ఒక క్రొత్త తోకచుక్క కనబడెను. ఆచార్యుడు బార్ట్ బాక్, సహవిద్యార్థి గార్డన్ న్యూకర్క్ దానిని ధ్రువపరచుటలో తోడ్పడిరి. అందుచే దానికి బప్పు-బాక్-న్యూకర్క్ తోకచుక్క యని పేరు వచ్చెను. ఆ తోకచుక్కను కనుగొన్నందులకు ఆయనకు డోనహో పతకము లభించెను.

తోకచుక్క వచ్చి పోయెను. కాని హార్వర్డులో ఆనాడు అందరి మనస్సులలో మెదలుచున్న ప్రశ్న మరియొకటి కలదు. బార్ట్ బాక్ తన జీవితమును పాలపుంత పరిశోధనకే అర్పించినవాడు. దీపావళినాడు మనము వెలిగించు భూచక్రము గిరగిర తిరుగుచు నిప్పురవ్వలను వంపుగా వెదజల్లును గదా! దూరముననున్న అనేక నక్షత్ర మండలములు ఆ ఆకారముననే, వంపు తిరిగిన బాహువులతో కనబడును. ఇట్టి ఆకృతిని సర్పిలమందురు. మన పాలపుంతయు అట్టిదేయని పలువురు ఊహించిరి. కాని మనము దాని లోపలనే యుండుటచే, అడవి నడుమ నిలుచున్న వానికి అడవి ఆకారము తెలియనట్లు, మనకది తెలియరాకుండెను.

ఆ ముడి 1951లో విడిపోయెను. ఆ సంవత్సరము మార్చి మాసమున హార్వర్డులోనే ఈవెన్, పర్సెల్ అను శాస్త్రజ్ఞులు, నక్షత్రముల నడుమ వ్యాపించియున్న జలజనక వాయువునుండి వచ్చు రేడియో తరంగములను మొదటిసారి పట్టిరి. సంవత్సరాంతమున విలియం మోర్గన్, తాను తోడివారితో కలిసి వేడిమి మిక్కుటమైన నీలి నక్షత్రముల దూరములను కొలిచి, అవి సూర్యుని సమీపమున బాహువులుగా తీరియున్నవని ప్రకటించెను. వైను బప్పు విద్యార్థిగా నున్న ఆ మూడేండ్లలోనే పాలపుంత తన సర్పిల రూపమును మనుష్యులకు చూపనారంభించెనన్నమాట.

ఇచ్చట ఒక చిక్కు కలదు. పాలపుంతలో లోపలి చుక్కలు తమ చుట్టును ముందుగా ముగించును, వెలుపలివి వెనుకబడును. బాహువు ఎల్లప్పుడు అవే నక్షత్రములతో కూడిన గొలుసైనచో, కొన్ని ప్రదక్షిణములలోనే అది బొంగరమునకు చుట్టిన త్రాడువలె బిగిసి, రూపు మాసిపోవలెను. అట్లు జరుగలేదేమి? లిండ్‌బ్లాడు చాలకాలము ఈ విషయమును గూర్చియే ఆలోచించెను. 1964లో సి. సి. లిన్, ఫ్రాంక్ షూ అనువారు దీనికి స్పష్టమైన గణిత రూపము నిచ్చిరి. బాహువు నక్షత్రముల గొలుసు కాదనియు, అది నక్షత్రముల నడుమ సాగు ఒత్తిడి తరంగమనియు వారు చెప్పిరి.

తిరుమల బ్రహ్మోత్సవములలో ఎనిమిదవనాటి రథోత్సవమును తలచుకొనుడు. రథము మాడవీథులలో మెల్లగా కదలుచుండును. దాని చుట్టును జనము క్రిక్కిరిసియుండును. వెనుకనుండి వడిగా నడచి వచ్చినవాడు ఆ గుంపును చేరి, త్రోపిడిలో నడక తగ్గించి, కొంతసేపటికి ముందువైపునుండి బయటపడి తన దారిని పోవును. గడియ గడియకు గుంపులోని మనుష్యులు మారుచుందురు. గుంపు మాత్రము రథముతోపాటు తన వేగముతో తాను సాగుచుండును. సర్పిల బాహువును ఇట్టిదే. అయితే అచ్చట రథము లేదు. గుమిగూడిన నక్షత్రముల, వాయువుల ఆకర్షణయే క్రొత్తవానిని దగ్గరకు లాగుచుండును.

గుంపును దాటి వచ్చినవాని నడక మునుపటివలె నుండదు. నక్షత్రమును అంతే. బాహువును సమీపించునపుడు దాని ఆకర్షణ నక్షత్రమును ముందునకు లాగును. దాటిపోవునపుడు వెనుకకు లాగును. మరియు ప్రతి నక్షత్రమును కేంద్రమును చుట్టుచు, కొంత లోపలికి, కొంత వెలుపలికి ఊగుచుండును. ఉయ్యాలను దాని ఊపుతో కలియునట్లు మరల మరల త్రోసినచో చిన్న త్రోపులే పెద్ద ఊపగును గదా! అట్లే నక్షత్రపు ఊపును, అది బాహువులను కలిసికొను కాలమును జతపడినచో, కోట్ల యేండ్లలో దాని మార్గమే మారిపోవును. ఇట్టి జతపాటు కలుగు స్థానములకు లిండ్‌బ్లాడు పేరే నిలిచినది. ఈ కారణముచే వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలములందు పుట్టిన నక్షత్రములు కూడ ఒకే వేగముతో, ఒకే దిశగా సాగు ప్రవాహములుగా ఏర్పడగలవు.

ఇదంతయు సత్యమా, ఊహయా యని తేల్చుటకు కొలతలు కావలెను. ఒక నక్షత్రపు నిజమైన నడక తెలియవలెనన్నచో మూడు విషయములు తెలియవలెను. మొదటిది, ఆకాశమున అది అడ్డముగా ఎంత జరిగినది యనుట. ఇది దశాబ్దముల ఎడమున తీసిన ఛాయాచిత్రములను పోల్చుటచే తెలియును. రెండవది, అది మనవైపునకు ఎంత వేగముతో వచ్చుచున్నది, లేక పోవుచున్నది యనుట. రేణిగుంట స్టేషనులో నిలిచియున్నవారికి, ఎదురుగా వచ్చు బండి కూత హెచ్చు స్థాయిలోను, దాటిపోయిన బండి కూత తగ్గు స్థాయిలోను వినబడును. నక్షత్రపు వెలుగును ఏడురంగుల పట్టీగా విడదీసినప్పుడు అందలి గీతలును ఇట్లే ఇటునటు జరిగి, దాని వేగమును తెలుపును. మూడవది దూరము. దూరము తెలియనిదే అడ్డపు జరుగుడును వేగముగా మార్చుటకు వీలుపడదు. మూడింటిలో మిక్కిలి కష్టమైనది ఇదియే.

వైను బప్పు చేసిన మహోపకారము ఈ మూడవ విషయముననే కలదు. 1952లో డాక్టరు పట్టమును పొందిన పిమ్మట ఆయన కార్నెగీ సంస్థ వేతనముతో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలోమర్ వేధశాలలకు పోయెను. పాలోమరులోని 200 అంగుళముల దూరదర్శిని ఆనాడు ప్రపంచమున అన్నిటికంటె పెద్దది. అచ్చట ఓలిన్ విల్సను అను శాస్త్రజ్ఞునితో కలిసి, సూర్యునివలెను, అంతకంటె చల్లగాను ఉండు నక్షత్రముల కాంతిపట్టీలను ఆయన పరిశీలించెను. వానిలో కాల్షియమువలన కలుగు ఒక నల్లని గీత నడుమ సన్నని వెలుగు గీత యుండును. ఆ వెలుగు గీత వెడల్పు నక్షత్రపు నిజమైన ప్రకాశమునుబట్టి మారుచున్నదని వారు గుర్తించిరి. ప్రకాశము హెచ్చైన కొలది గీత వెడల్పగును. 1957లో ప్రకటింపబడిన ఈ సంబంధమునకు విల్సన్-బప్పు ఫలితమని పేరు.

దీనివలన ప్రయోజనమేమన, రాత్రివేళ తిరుపతినుండి తిరుమల దారిలోని దీపములను చూచునపుడు, దీపము ఎంత శక్తి గలదియో మనకు ముందే తెలిసినచో, అది ఎంత మసకగా కనబడుచున్నదో చూచి ఎంత దూరమున నున్నదో చెప్పవచ్చును. నక్షత్రముల విషయమున ఆ శక్తిని తెలిసికొనుట దుర్లభము. విల్సన్, బప్పు ఒక గీత వెడల్పును కొలిచి ఆ శక్తిని తెలిసికొను మార్గమును చూపిరి.

అప్పటికి వైను బప్పు ముప్పది యేండ్లలోపు వాడు. అమెరికాలో ఉండిపోయినచో ప్రపంచమందలి పెద్ద దూరదర్శినులు ఆయనకు అందుబాటులో నుండెడివి. మన దేశమున నక్షత్ర పరిశోధనకు తగిన ఆధునిక సాధనములు ఆనాడు లేకుండెను. అయినను ఆయన స్వదేశమునకు మరలి వచ్చెను. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము 1954లో కాశీలో నెలకొల్పిన వేధశాలకు అధిపతియై, దానిని హిమాలయ పాదమందలి నైనితాలునకు తరలించి, వృద్ధిలోనికి తెచ్చెను. 1960లో కొడైకెనాల్ వేధశాలకు అధ్యక్షుడయ్యెను. అది సూర్య పరిశోధనకు పేరు పొందినది. కాని రాత్రివేళ నక్షత్రములను చూచుటకు మబ్బులు తక్కువగా నుండు చీకటి ప్రదేశము మరియొకటి కావలసివచ్చెను.

ఆయన దక్షిణ దేశమున తగిన చోటు కొఱకు వెదకించి, తుదకు జవ్వాది కొండలలోని కావలూరు అను చిన్న పల్లె దగ్గర స్థలమును ఎన్నుకొనెను. అది తమిళనాటిదే గాని, నేరుగా కొలిచినచో చిత్తూరునకు నూరు కిలోమీటర్లలోపున, దక్షిణముగా నున్నది. భూమధ్యరేఖకు సమీపమున నుండుటచే అచ్చటినుండి ఉత్తరాకాశమే గాక దక్షిణాకాశమున చాల భాగమును కనబడును. పాలపుంత కేంద్రమున్న ధనూరాశి, చిత్తూరు వారికి వలెనే, కావలూరు వారికిని నడినెత్తికిని దిక్చక్రమునకును నడుమ ఎత్తుగా నిలుచును. ఐరోపాలోని పెద్ద వేధశాలలు పెక్కింటికి ఈ భాగ్యము లేదు.

1968లో కావలూరున మొదట నిలిచిన దూరదర్శిని దర్పణము వెడల్పు 38 సెంటీమీటర్లు మాత్రమే. ఆ దూరదర్శినిని కొడైకెనాల్ కర్మశాలలోనే తయారు చేసికొనిరి. 1971లో భారత ఖగోళ భౌతిక సంస్థ స్వతంత్ర సంస్థగా వెలసెను. వైను బప్పు దానికి అధ్యక్షుడయ్యెను. 1972లో ఒక మీటరు వెడల్పు గల జర్మను దూరదర్శిని కావలూరు చేరెను. 1977 మార్చి 10వ తేదీన యురేనసు గ్రహము ఒక నక్షత్రమునకు అడ్డము వచ్చినప్పుడు, ఆ నక్షత్రము ముందుగానే కొలది క్షణములు మసకబారుటను కావలూరు పరిశోధకులును నమోదు చేసిరి. యురేనసునకు వలయములున్నవని లోకమునకు తెలిపిన పరిశీలనములలో అదియు నొకటి.

ఆయనకు తృప్తి కలుగలేదు. 2.34 మీటర్ల వెడల్పు గల దూరదర్శినిని మనవారే రూపొందించి నిర్మింపవలెనని సంకల్పించెను. దాని దర్పణమును బెంగుళూరులోని సంస్థ ప్రయోగశాలలో మనవారే అరగదీసి, మెరుగుపెట్టిరి. కొనితెచ్చిన సాధనము ఒకనాటికి పాతబడును. చేయనేర్చిన చేతులు మరియొకదానిని చేయగలవు. ఆ నేర్పు దేశమున నిలువవలెనని ఆయన పట్టుదల. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు ఆయన అధ్యక్షుడుగా ఎన్నిక కాబడెను. ఆ పదవిని పొందిన మొదటి భారతీయుడు ఆయనయే. 1981లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదము నొసగెను.

కాని తాను సంకల్పించిన దూరదర్శినిని కన్నులారా చూచు భాగ్యము ఆయనకు లభింపలేదు. 1982 ఆగస్టులో సమాఖ్య మహాసభ గ్రీసు దేశమున జరుగుచుండగా, అధ్యక్షుడు జర్మనీలోని మ్యూనిక్ నగరమున హృద్రోగమునకు చికిత్స పొందుచుండెను. ఆగస్టు 19వ తేదీన, ఏబదియైదవ యేట, ఆయన అచ్చటనే కన్నుమూసెను. నాలుగేండ్లలోపున, 1986 జనవరి 6వ తేదీన, ఆనాటి ప్రధాని రాజీవ్ గాంధీ కావలూరు వేధశాలకును, నూతన దూరదర్శినికిని వైను బప్పు పేరు పెట్టి దేశమున కంకితము చేసెను.

ఇక మొదట చెప్పిన గాజు ఫలకముల మాట. 1989లో ఐరోపావారు హిప్పార్కస్ అను ఉపగ్రహమును నక్షత్ర స్థానములను కొలుచుటకై పంపిరి. దాని కొలతలు సూక్ష్మమైనవే గాని, కొలది యేండ్లకు సంబంధించినవి. చుక్కల జరుగుడును చక్కగా తెలిసికొనుటకు పూర్వపు స్థానములును కావలసియుండెను. అప్పుడు శాస్త్రజ్ఞులు నిజామియా మొదలగు వేధశాలలు వ్రాసియుంచిన పాత పట్టికలను తెరచిరి. ఆ పాత కొలతలను క్రొత్త కొలతలతో జతపరచి, 2000లో సుమారు 25 లక్షల నక్షత్రముల జరుగుడును తెలుపు పట్టికను ప్రకటించిరి. బేగంపేటలో గాజు ఫలకములపై వంగి చుక్కలను కొలిచినవారి శ్రమ, వారు గతించిన పిమ్మట ఇట్లు ఫలించెను.

హిప్పార్కస్ కొలతలు ఒక చిత్రమైన సంగతిని విశదపరచినవి. సూర్యుని ఇరుగుపొరుగు నక్షత్రములు తేనెటీగలవలె ఇష్టము వచ్చినట్లు సంచరించుట లేదు. పెక్కు నక్షత్రములు కొన్ని ప్రవాహములుగా సాగుచున్నవి. రోహిణి దగ్గర కనబడు హయడీస్ గుంపుతో కలిసి సాగు ప్రవాహము వానిలో నొకటి. ఒక్క గుంపునుండి చెదరినవియైనచో వాని వయస్సు ఒక్కటిగా నుండవలెను. కాని ఆ ప్రవాహమున ముసలివియు, పడుచువియు కలసియున్నవి. పుట్టుక వేరైనను నడక ఒక్కటగుటకు సర్పిల బాహువుల ఆకర్షణ ముఖ్య కారణమని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. పాలపుంత నడుమనున్న కడ్డీవంటి నక్షత్ర సముదాయమును కొన్ని ప్రవాహములకు కారణమని చెప్పుదురు. 2013లో ఎగిరి 2025 వరకు పరిశీలించిన గయా ఉపగ్రహము నూరు కోట్లకు పైగా నక్షత్రములను కొలిచి, ఈ ప్రవాహములను మరింత వివరముగా చూపినది. ఏ బాహువు ఎంత లాగినది, ఏ ప్రవాహమునకు ఏది కారణము అను లెక్క ఇంకను పూర్తి కాలేదు.

ఆ లెక్కను ముగింపగలవారు మీలోనే యుండవచ్చును. నక్షత్రము ఒక ప్రదక్షిణము చేయు కాలముతో పోల్చిన మనుష్యుని ఆయువు రెప్పపాటైనను కాదు. అందుచే ఖగోళమున ఏ ఒక్కరి పనియు వారి కాలముననే పూర్తి కాదు. ఒకరు కొలిచి వ్రాసియుంతురు. మరియొకరు దూరదర్శినిని నిలుపుదురు. ఇంకొకరు వానినుండి సత్యమును గ్రహింతురు. తనకు ముందువారు కొలిచినదానిని గౌరవించి, తన తరువాతివారు చూచుటకు తగిన సాధనమును సిద్ధపరచి పోయిన వైను బప్పు జీవితము మన కీ విషయమునే బోధించుచున్నది. ఈసారి పాలపుంతను చూచినపుడు, జవ్వాది కొండలలో దానివైపే తిరిగియున్న ఆ పెద్ద దర్పణమును ఒక్కసారి తలచుకొనుడు.